మూలబడిన ల్యాప్‌టాపునకు మరల ప్రాణము

గత వేసవిలో మా కళాశాలలో బి.ఎస్‌సి. చదువుచున్న ఒక విద్యార్థిని గుడ్డసంచిలో పాత ల్యాప్‌టాపు నొకదానిని పెట్టుకొని ప్రయోగశాలకు వచ్చినది. "సార్, ఇది మా అన్నయ్య 2012లో కొన్నాడు. రిపేరు షాపులో చూపిస్తే తుక్కుకు వేసెయ్యమన్నారు. కొత్తది కొనలేం. మూడు వారాల్లో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. పోయిన మా నాన్న ఫొటోలు కూడా ఇందులోనే ఉన్నాయి" అన్నది. మీట నొక్కి చూచితిమి. పని చేయుటకు సిద్ధమగుసరికి ఆరు నిమిషములు పట్టినది. యంత్రము చావలేదు, మందగించినది మాత్రమే. ఈ రెండింటికి గల భేదమును తెలిసికొనుటయే చికిత్సలో మొదటి మెట్టు.

యంత్రమునకు ముసలితనము ఎట్లు వచ్చును? ఎద్దు ముసలిదైనచో నడక తగ్గును. కాని కంప్యూటరులోని ప్రాసెసరు అట్టిది కాదు. దాని వేగమును నిర్ణయించునది ఒక క్వార్ట్‌జ్ స్ఫటికము యొక్క కంపనము. ఆ స్ఫటికము కొన్ననాడు సెకనుకు ఎన్నిమార్లు కంపించెనో నేడును దాదాపు అన్నిమార్లే కంపించుచున్నది. మారినవి మూడు: మనము దానిపై మోపు బరువు పెరిగినది, లోపల దుమ్ము చేరినది, తిరుగుచుండు డిస్కు అరిగినది.

మొదట బరువు సంగతి చూతము. కిరాణా కొట్టులో శెట్టిగారి చేతికందు బల్లయు, వెనుక గిడ్డంగియు ఉండును. బల్లపై నున్న సరుకు వెంటనే అందును. బల్ల చిన్నదై బేరములు పెరిగినచో, ప్రతిదానికి గిడ్డంగికి పరుగెత్తవలెను. కంప్యూటరులో ర్యామ్ అనునది బల్ల, హార్డు డిస్కు గిడ్డంగి. ఆ ల్యాప్‌టాపులో ర్యామ్ 2 జీబీ మాత్రమే. నేటి బ్రౌజరులో నాలుగైదు పుటలు తెరచినంతనే అది నిండిపోవును. అప్పుడు యంత్రము ర్యామ్‌లోని సమాచారమును డిస్కుకు పంపుచు, మరల తెచ్చుకొనుచు కాలము గడపును.

ఈ పరుగు ఎంత దూరమో లెక్క వేయుదము. ల్యాప్‌టాపు హార్డు డిస్కు సాధారణముగా నిమిషమునకు 5400 చుట్లు, అనగా సెకనుకు 90 చుట్లు తిరుగును. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, అనగా 5.5 మిల్లీసెకన్లు పట్టును. సూది సరియైన వలయమునకు జరుగుటకు మరి 12 మిల్లీసెకన్లు. మొత్తము సుమారు 17 మిల్లీసెకన్లు. ర్యామ్ నుండి తెచ్చుటకు పట్టునది సుమారు 100 నానోసెకన్లు. ఈ 100 నానోసెకన్లను ఒక సెకనుగా భావించినచో, హార్డు డిస్కుకు పోయి వచ్చుటకు 47 గంటలు పట్టినట్లు! తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. అను నిల్వ సాధనములో ఈ పని సుమారు 0.1 మిల్లీసెకనులో ముగియును. పై కొలతతో అది 17 నిమిషములు మాత్రమే. పాత ల్యాప్‌టాపునకు ఎస్.ఎస్.డి. అమర్చగానే ప్రాణము లేచివచ్చినట్లు తోచుటకు కారణ మిదియే.

ఇక దుమ్ము సంగతి. ప్రాసెసరు వేడిని రాగి గొట్టము ద్వారా సన్నని రేకులకు చేర్చి, ఫ్యాను గాలితో వెలుపలికి పంపుదురు. రేకుల నడుమ దుమ్ము మెత్తవలె పేరుకొన్నచో గాలి ఆడదు. వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడు దరికి చేరగానే ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. కరెంటు తీసి, బ్యాటరీ విడదీసి, ఫ్యాను రెక్కలు తిరుగకుండ పట్టుకొని మెత్తని కుంచెతో శుభ్రము చేయవలెను. బ్యాటరీ ఉబ్బియున్నచో మాత్రము దానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, ఛార్జి చేయరాదు. అది అంటుకొన గలదు. దానిని ఇ-వ్యర్థములు సేకరించువారికి అప్పగింపవలెను.

పనుల వరుస తప్పరాదు. ముందు ఫొటోలు, ఆ తరువాతనే మరమ్మతు. ఏలయన కొత్త ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించునపుడు పాత సమాచారము తుడిచిపెట్టుకొని పోవచ్చును. మేము లినక్స్ గల పెన్ డ్రైవుతో యంత్రమును నడిపి, డిస్కుపై ఏమియు వ్రాయకుండ ఫొటోలను వేరొక చోటికి ఎక్కించితిమి. డిస్కులో కొన్ని భాగములు అప్పటికే చెడినవి. రెండు ఫొటోలు రాలేదు, మిగిలినవన్నియు వచ్చినవి. ఇంకొక ఏడాది మూలబడియున్నచో ఎన్ని మిగిలెడివో చెప్పలేము.

తరువాత 2.5 అంగుళముల ఎస్.ఎస్.డి.ని పాత డిస్కు స్థానములో అమర్చితిమి. 4 జీబీ ర్యామ్ ముక్క నొకదానిని చేర్చితిమి. ర్యామ్‌లో డి.డి.ఆర్.2, డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4 అను తరములు కలవు. ఒక తరమునకు చెందినది మరియొకదానిలో పట్టదు; పాత ముక్కపై నున్న చీటీ చూచి కొనవలెను.

దానిలో నున్న విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయినవి; విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. సవరణలు లేని యంత్రముతో బ్యాంకు పనులు చేయుట తలుపు గడియ లేని ఇంట నిద్రించుట వంటిది. అందుచేత లినక్స్ మింట్ యొక్క ఎక్స్.ఎఫ్.సి.ఇ. కూర్పును ఎన్నుకొంటిమి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్స్ నేడు ఉచితముగా లభించుచున్నది. తెలుగులో వ్రాయుటకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే యున్నది.

ఇంతయు చేసినను ఇంటర్నెట్ తెరుచుకొనలేదు! చూడగా యంత్రపు గడియారము ఎన్నో ఏండ్లు వెనుకబడి యున్నది. వెబ్‌సైట్ల భద్రతా పత్రములకు గడువు తేదీ యుండును; తేదీ తప్పైనచో బ్రౌజరు వాటిని నమ్మదు. లోపలి 3 వోల్టుల నాణెపు బ్యాటరీని మార్చగానే దోషము తొలగినది.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాపు 40 సెకన్లలో సిద్ధమగుచున్నది. రిపోర్టు గడువునకు రెండు రోజుల ముందే పూర్తియైనది. అయినను దీనికి పరిమితులు కలవు. వ్రాతపని, లెక్కల పట్టికలు, ఉత్తరములు, తక్కువ స్పష్టతగల వీడియో పాఠములు—ఇంతవరకే. వీడియోలు కూర్చుట, భారీ ఆటలు దీనివలన కావు. మదర్‌బోర్డు చెడినచో ఖర్చు పెట్టుట దండుగ.

ఉపాధ్యాయులు దీనిని చక్కని ప్రయోగముగా చేయింపవచ్చును. పాఠశాలలో మూలబడిన కంప్యూటరును తీసికొని, శుభ్రము చేయకముందు, చేసిన పిమ్మట, ర్యామ్ పెంచిన పిమ్మట, డిస్కు మార్చిన పిమ్మట అది సిద్ధమగుటకు పట్టిన కాలమును మూడేసి మార్లు కొలిచి, సగటులు వేసి, గ్రాఫు గీయుడు. ఒక్కొక్కసారి ఒక్క మార్పునే చేయవలెను. ఏ మార్పు వలన ఎంత ఫలము కలిగినదో అప్పుడుగాని తెలియదు. తుక్కు అని పేరు పెట్టుటకు ముందు కొలిచి చూడుడు.