నయముకాని వ్యాధి – తగ్గించదగిన బాధ

వ్యాధి నయము కాదని తేలినపుడు, ఇక చేయదగినదేమియు లేదని చెప్పి రోగిని ఇంటికి పంపివేయుట చాలకాలము వాడుకగా ఉండెను. కాని వ్యాధి నయము కాకపోవుట వేరు, బాధ తగ్గకపోవుట వేరు. ఈ భేదముపై నిలిచిన వైద్యమే ఉపశమన చికిత్స. అంత్యదశలోనున్న రోగులకు దీనిని అందించు సేవకు హాస్పిస్ అని పేరు.

ఆధునిక హాస్పిస్ ఒక రోగి ఇచ్చిన దానముతో మొదలైనది. 1948లో లండనులోని ఒక ఆసుపత్రిలో డేవిడ్ టాస్మా అను పోలెండు కాందిశీకుడు క్యాన్సరుతో మరణించెను. రోగుల మంచిచెడ్డలు చూచు ఉద్యోగిని సిసిలీ సాండర్స్ అతనితో తరచు మాటలాడుచుండెడిది. అటువంటి రోగులు ప్రశాంతముగా గడుపగల గృహమొకటి కావలెనని వారనుకొనిరి. ఆ గృహమునకు తానొక కిటికీనగుదునని చెప్పి, అతడు 500 పౌనులు ఆమెకు వ్రాసియిచ్చెను. ఆమె వైద్యవిద్య చదివి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరచెను.

ఆమె నొక్కిచెప్పిన విషయము మందు వేళ. దెబ్బతిన్న భాగమునుండి నొప్పి వార్తను నరములు వెన్నుపామునకు, అచటనుండి మెదడునకు చేర్చును. నల్లమందునుండి తీసిన మార్ఫిన్ ఈ రెండు తావులలోని కణములపై గల గ్రాహకములకు అంటుకొని ఆ వార్తను అణచును. సాధారణ మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలు పనిచేయును. నొప్పి భరింపరానిదై రోగి అడిగినపుడే మందిచ్చుట పూర్వపు పద్ధతి. అట్లుకాక, నొప్పి తిరిగి రాకముందే గడియారము చూచి మందిచ్చినచో బాధ అదుపులో నుండును. దీపము ఆరకముందే నూనె పోయుట వంటిదిది. వైద్యుని పర్యవేక్షణలో తగిన మోతాదున వాడినపుడు వ్యసనమగుట అరుదు; ఆయువు తగ్గునన్న భయమునకును ఆధారము లేదు. మలబద్ధము మాత్రము కలుగును గనుక, దానికి విరుగుడు మందు కూడ ఇత్తురు.

ఒక ఇంటిలో తల్లి క్యాన్సరుతో మంచము పట్టినదనుకొందము. నర్సు వచ్చి కోడలికి పుండ్లు కడుగుట, పడకపుండ్లు పడకుండ రెండేసి గంటలకు ప్రక్క మార్చుట, నోరు శుభ్రపరచుట నేర్పును. కొడుకు మందు వేళలు కాగితముపై వ్రాసి గోడకు అంటించును. తల్లి రాత్రి నిద్రపోయినచో ఇంటిల్లిపాది నిద్రపోవుదురు. తెల్లవారి ఆమె మనుమలను పిలిచి మాటలాడును, చెప్పవలసినవి చెప్పుకొనును. వ్యాధి ఆగలేదు; కాని మిగిలిన దినములు ఆ కుటుంబమునకు దక్కినవి. శరీరపు నొప్పితోపాటు మనసు దిగులు, ఇంటివారి చింత, డబ్బు ఇబ్బంది కలసినదే 'సంపూర్ణ వేదన' అని సాండర్స్ అనుటలోని భావమిదియే.

మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. ఖర్చంతయు నర్సు జీతమునకు, ఇంటింటికి తిరుగు వాహనమునకు అగును. ఇచ్చటనే దానము అవసరము. 1993లో కోళిక్కోడులో డాక్టరు రాజగోపాల్, డాక్టరు సురేశ్ కుమార్ మున్నగువారు ఒక ఉపశమన చికిత్సా సంఘమును స్థాపించిరి. తరువాత కేరళ గ్రామములలో సామాన్యులే చిన్న మొత్తములు కూడబెట్టి, శిక్షణ పొంది, పొరుగు రోగులను చూచుకొనసాగిరి. విద్యార్థులును ఇందు పాల్గొనుచున్నారు. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించెను. హైదరాబాదులోని స్పర్శ్ హాస్పిస్ విరాళములపై ఆధారపడి రోగులకు ఉచితముగా సేవ చేయుచున్నది.

మార్ఫిన్ లభించుటకు చట్టపు చిక్కులును అడ్డుపడెను. 1985నాటి మాదకద్రవ్యముల చట్టము వలన ఆసుపత్రులు దానిని తెచ్చుకొనుటకే వెనుదీసెను. 2014లో ఆ చట్టమును సవరించి నియమములను సులభపరచిరి. అయినను మందు, నర్సు చేరని ఇండ్లు ఇంకను అనేకము. ధనమీయలేనివారు వారమునకొక గంట రోగి ప్రక్కన కూర్చున్నను, ఆ గంటసేపు ఇంటివారికి విశ్రాంతి దొరకును. అదియును దానమే.