చిన్న రాకెట్, దూరపు గ్రహం

మంగళయాన్ గురించి ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట ఒకటే: 450 కోట్లకే అయిపోయింది. కిలోమీటరు లెక్కన చూస్తే ఆటో కన్నా చవక అని కూడా అంటారు. వినడానికి బావుంటుంది, వాట్సాప్‌లో పంపుకోవడానికి ఇంకా బావుంటుంది. కానీ ఈ ఆటో పోలికలో ఒక తిరకాసు ఉంది. ఆటో మీటరు దూరాన్ని కొలుస్తుంది. అంతరిక్షంలో దూరానికి దాదాపు ఖర్చే లేదు. ఇంజిన్ ఆపేసినా బండి వెళ్తూనే ఉంటుంది. పది నెలల ప్రయాణంలో మంగళయాన్ పెద్ద ఇంజిన్ ఇంచుమించు మొత్తం కాలం నిద్రలోనే ఉంది. ఖర్చంతా వేగానిది. ఆ వేగం ఎవరిస్తారు, ఎంతిస్తారు అన్నదాన్ని బట్టే మిగతా కథంతా నడుస్తుంది. ఆ లెక్క తెలిస్తే మంగళయాన్ మీద గౌరవం పెరుగుతుంది, మనం ఏం వదులుకున్నామో కూడా తెలుస్తుంది.

ఎంత వేగం కావాలి?

భూమికి 250 కిలోమీటర్ల ఎత్తులో, కింద పడకుండా గుండ్రంగా తిరగాలంటే సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగం చాలు. అదే ఎత్తు నుంచి భూమి పట్టు పూర్తిగా వదిలించుకోవాలంటే దాదాపు 11 కావాలి. సరిగ్గా అంతే వేగంతో బయటపడితే ఏమవుతుంది? భూమికి దూరమవుతాం గానీ, భూమి దారిలోనే సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండిపోతాం. అంగారకుడి దాకా చేరాలంటే ఆ పైన ఇంకొంచెం మిగలాలి. మంగళయాన్‌కి కావలసిన అంకె సుమారు 11.4.

7.8 నుంచి 11.4కి పెద్ద తేడా లేదు కదా అనిపిస్తుంది. ఇక్కడే సియోల్‌కోవ్‌స్కీ అనే రష్యన్ బడిపంతులు 1903లో అచ్చువేసిన ఈక్వేషన్ అడ్డం వస్తుంది. దూరప్రయాణానికి అన్నం మూట కట్టుకున్నారనుకోండి. మూట బరువైంది, మోయడానికి ఇంకో మనిషి కావాలి. అతనికీ అన్నం కావాలి, అంటే ఇంకో మూట. రాకెట్ పరిస్థితి అచ్చం ఇదే. వేగం కూడికల్లో పెరుగుతుంటే ఇంధనం హెచ్చవేతల్లో పెరుగుతుంది.

మంగళయాన్ అంకెలు చూడండి. శ్రీహరికోటలో లాంచ్ ప్యాడ్ మీద నిలబడ్డ రాకెట్ బరువు దాదాపు 320 టన్నులు. అది మోసుకెళ్లిన నౌక 1,337 కిలోలు, అంటే వెయ్యిలో నాలుగు వంతులు. ఆ 1,337లోనూ 852 కిలోలు నౌక సొంత ఇంధనమే. ఇక అంగారకుడిని పరిశీలించే పరికరాలు ఐదూ కలిపి సుమారు 15 కిలోలు. మనం హాస్టల్‌కి తెచ్చుకునే సూట్‌కేసు అంత. మొత్తం ఏర్పాటంతా ఆ సూట్‌కేసు కోసమే.

చేతిలో ఉన్న రాకెట్ ఏది?

ఇలాంటి పనికి పెద్ద రాకెట్ ఉంటే మేలు. మన దగ్గర అప్పటికి పెద్దది జీఎస్‌ఎల్‌వీ. కానీ 2010లో ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఇంకోసారి అది విఫలమైంది. 2013 ఆగస్టులో మళ్లీ సిద్ధం చేస్తే, గంటంపావు ముందు ఇంధనం లీకవుతోందని ప్రయోగం ఆపేశారు. అది బాగుపడేదాకా ఆగుదామంటే అంగారకుడి ముహూర్తం ఆగదు. భూమి, అంగారకుడు ఈ ప్రయాణానికి అనువుగా వచ్చేది 26 నెలలకొకసారి. 2013 తప్పితే 2016 మొదట్లోనే. ప్రాజెక్టు ప్రకటించింది 2012 ఆగస్టులో, అంటే చేతిలో ఉన్నది 15 నెలలు.

కాబట్టి పీఎస్‌ఎల్‌వీనే దిక్కయింది. నమ్మకమైన బండి, కానీ తయారుచేసింది భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాల కోసం. దానిలోనే బలమైన ఎక్స్‌ఎల్ రకాన్ని తీసుకున్నారు. ఘన, ద్రవ ఇంధనాల స్టేజీలు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు, పక్కన ఆరు బూస్టర్లు.

మాది నెల్లూరు. ప్రయోగం ఉన్న రోజు మా వీధిలో అందరూ మేడలెక్కుతారు. తెల్లటి గీత పైకి వెళ్తుంది, రెండు మూడు నిమిషాలు చూసి చప్పట్లు కొట్టి దిగిపోతారు. 2013 నవంబర్ 5 మధ్యాహ్నం 2.38కి లేచిన పీఎస్‌ఎల్‌వీ సీ25 విషయంలో మాత్రం అసలు ఉత్కంఠ ఆ తర్వాతే. మూడో స్టేజ్ అయ్యాక దాదాపు 25 నిమిషాలు ఇంజిన్ లేకుండా సాగి, దక్షిణ పసిఫిక్ మీద నాలుగో స్టేజ్ వెలగాలి. అక్కడ మనకు నేల మీద స్టేషన్ లేదు. అందుకే నలంద, యమున అనే రెండు ఓడల మీద యాంటెన్నాలు పెట్టి పంపారు. వాతావరణం బాగోక నలంద చేరడం ఆలస్యమైంది, అక్టోబర్ 28న జరగాల్సిన ప్రయోగం నవంబర్ 5కి జరిగింది.

44 నిమిషాలకు రాకెట్ పని అయిపోయింది. నౌకను భూమికి దగ్గరగా 248, దూరంగా 23,550 కిలోమీటర్లు ఉండే కోడిగుడ్డు లాంటి కక్ష్యలో వదిలేసింది. దగ్గరి బిందువు దగ్గర వేగం సుమారు 9.9. కావలసింది 11.4. అంటే ఇంకా 1.5 బాకీ. అది నౌకే సొంతంగా తీర్చుకోవాలి.

ఊయల ఊపినట్టు

నౌకలో ఉన్న పెద్ద ఇంజిన్ బలం 440 న్యూటన్లు. నిండు గ్యాస్ బండలు ఒకటిన్నర ఎత్తే బలం, అంతే. దాన్ని ఏకబిగిన మండిస్తే 1.5 కిలోమీటర్ల వేగం రావడానికి గంటకు పైనే పడుతుంది. ఆలోపు నౌక భూమికి చాలా దూరం వెళ్లిపోతుంది. వెళ్తే ఏంటట? అక్కడే ఉంది కిటుకు.

ఇంటర్‌లో చదివిన గతిశక్తి సూత్రమే చాలు, వేగం వర్గంలో సగం. సెకనుకు 10,000 మీటర్ల వేగంతో ఉన్నప్పుడు ఇంకో 100 మీటర్లు కలిపితే, కిలోకి 10,05,000 జౌళ్ల శక్తి పెరుగుతుంది. అదే 2,000 మీటర్ల వేగంతో ఉన్నప్పుడు అదే 100 కలిపితే పెరిగేది 2,05,000 మాత్రమే. ఇంధనం ఖర్చు రెండు చోట్లా ఒకటే. లాభంలో తేడా ఐదు రెట్లు. భూమికి దగ్గరగా నౌక వేగం దాదాపు 9.9, దూరపు కొసన సుమారు 2.2. కాబట్టి ఇంజిన్‌ని ఎక్కడ వెలిగించాలో వేరే చెప్పక్కర్లేదు. ఊయల కింది భాగానికి వచ్చినప్పుడల్లా ఒక తోపు తోస్తాం చూడండి, అలా. దీన్నే ఓబర్త్ ప్రభావం అంటారు.

అందుకే ఒక్కో చుట్టులో భూమి దగ్గరికి వచ్చినప్పుడు కొన్ని నిమిషాలు మాత్రమే ఇంజిన్ వెలిగించారు. దూరపు కొస నవంబర్ 7న 28,825 కిలోమీటర్లకు, 8న 40,186కు, 9న 71,636కు జరిగింది. 2008లో చంద్రయాన్ 1ని కూడా పీఎస్‌ఎల్‌వీతోనే ఇదే పద్ధతిలో పంపారు, కాబట్టి దారి కొత్తది కాదు. ఈసారి వెళ్లాల్సింది మాత్రం చాలా దూరం.

నవంబర్ 11: సప్లీ

నాలుగో తోపులో సెకనుకు 130 మీటర్ల వేగం పెరగాలి. పెరిగింది 35. దూరపు కొస లక్ష కిలోమీటర్లు దాటాల్సింది, 78,276 దగ్గరే ఆగింది.

జరిగిందేమిటంటే, ఇంజిన్‌కి ఇంధనం వదిలే వాల్వ్‌కి రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి అసలుది, రెండోది అది పాడైతే వాడేది. రెండింటికీ ఒకేసారి కరెంట్ ఇచ్చి చూడటం ఆ రోజు పరీక్షల్లో ఒక భాగం. అలా ఇవ్వగానే ఇంధన ప్రవాహం ఆగిపోయింది. నౌకలోని కంప్యూటర్ వెంటనే చిన్న థ్రస్టర్లతో పని కొనసాగించింది, కానీ వాటికి అంత బలం లేదు. విడివిడిగా చూస్తే రెండు కాయిల్సూ బానే ఉన్నాయి. ఇక మీదట ఒక్కొక్కటే వాడాలని తేల్చుకున్నారు.

మర్నాడు తెల్లవారుజామున 5 గంటలకు మిగిలిన వేగం కోసం మళ్లీ ఇంజిన్ వెలిగించారు. ఇస్రో దానికి పెట్టిన పేరు సప్లిమెంటరీ. మన బ్రాంచ్‌లో ఆ మాట అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ సప్లీ పాసయింది, కొస 1,18,642కి చేరింది. నవంబర్ 16న 1,92,874. డిసెంబర్ 1న అర్ధరాత్రి దాటాక ఇంజిన్ 22 నిమిషాలు మండి సెకనుకు 648 మీటర్లు కలిపింది. బాకీ తీరిపోయింది, నౌక భూమిని వదిలేసింది.

పరీక్ష పెట్టుకోవడానికీ, తప్పితే మళ్లీ రాయడానికీ ముందే సమయం, ఇంధనం పక్కన పెట్టుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఏం వదులుకున్నాం?

అదే నవంబర్ 18న అమెరికా వాళ్లు కేప్ కెనావరల్ నుంచి మావెన్‌ని పంపారు. రాకెట్ అట్లాస్ 5, పై స్టేజ్‌లో ద్రవ హైడ్రోజన్. నౌక బరువు 2,454 కిలోలు. భూమి చుట్టూ ఊయలలు లేవు, అంగారకుడి దారిలోకి రాకెట్టే నేరుగా విసిరింది. దాని సొంత ఇంధనం దాదాపుగా గమ్యం దగ్గర పనికే మిగిలింది. అది మనకన్నా రెండు రోజుల ముందు, 2014 సెప్టెంబర్ 22న చేరింది.

సెప్టెంబర్ 24న మన నౌకకు బ్రేక్ వేసే సమయానికి పెద్ద ఇంజిన్ దాదాపు 300 రోజులుగా పడుకుని ఉంది. రెండు రోజుల ముందు నాలుగు సెకన్లు వెలిగించి చూశారు, లేచింది. ఆ రోజు దాదాపు 23 నిమిషాలు పనిచేసి అంగారకుడి కక్ష్యలో నిలిపింది. మొదటి ప్రయత్నంలోనే చేరిన దేశం అయ్యాం.

కానీ ఆ కక్ష్య దూరపు కొస దాదాపు 77,000 కిలోమీటర్లు. మావెన్‌కి అనుకున్నది 6,200. ఇంకా దగ్గరికి దిగాలంటే ఇంకా బ్రేక్ వేయాలి, దానికి ఇంధనం కావాలి, ఆ ఇంధనంలో చాలా భాగం భూమి దగ్గర బాకీ తీర్చడానికే అయిపోయింది. పరికరాల బరువు అక్కడ 65 కిలోలు, ఇక్కడ 15. అంత దూరం నుంచి అంగారకుడి పూర్తి ముఖాన్ని ఒకే ఫొటోలో పట్టగలిగాం, అది లాభమే. వివరంగా కొలవాల్సిన విషయాల్లో మాత్రం వెనకబడ్డాం. 450 కోట్ల బిల్లులో కనపడని ఖర్చు ఇది.

ఇది చిన్నచూపుతో అంటున్నది కాదు. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న నౌక 2022 దాకా మాట్లాడుతూనే ఉంది. 2023లో చంద్రయాన్ 3కి ఎల్‌వీఎం3 లాంటి పెద్ద రాకెట్ దొరికినా, 3,900 కిలోల ఆ నౌక కూడా ఊయల ఊగే వెళ్లింది. ఉన్న బండితో వెళ్లడం మనకు బాగా వచ్చు. పెద్ద బండి వస్తే ఆ సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలో ఇప్పటి నుంచే ఆలోచించాలి.

తర్వాతిసారి శ్రీహరికోట నుంచి వార్త వచ్చినప్పుడు ఖర్చు ఒక్కటే చూడకండి. రాకెట్ నౌకను ఏ కక్ష్యలో వదిలిందో వెతకండి, అది ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. కాలిక్యులేటర్ తీసి దగ్గరి బిందువు దగ్గర వేగం కట్టండి. ఎంత బాకీ మిగిలిందో, దాన్ని ఎవరు తీరుస్తారో మీకే తెలిసిపోతుంది.