ఆటిజం బిడ్డకు ఇంటి భాష అడ్డు కాదు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, ఖరిదా వంటి పేటల్లో ఇంట తెలుగు, బయట హిందీ, బంగ్లా వినిపిస్తాయి కనుక, బిడ్డకు మాటలు ఆలస్యమైతే ఇన్ని భాషల వల్లనే అన్న అనుమానం పెద్దలకు కలగడం సహజం. ఆటిజం మాత్రం భాషల వల్ల వచ్చేది కాదు. అది మెదడు ఎదుగుదలలోని భిన్నత్వం వల్ల ఇతరులతో సంభాషణ, కలివిడి కష్టమై, చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయడం, శబ్దానికీ స్పర్శకూ అతిగానో అల్పంగానో స్పందించడం కనిపించే స్థితి. 1943లో మనోవైద్యుడు లియో కానర్ దీనిని వర్ణించిన తరువాత కొంతకాలం తల్లి ఆదరణ లోపమే దీనికి మూలమన్న నింద ప్రచారమైనా, జన్యు కారణాల పాత్రే ప్రధానమని తదుపరి పరిశోధనలు చూపాయి.

రెండు భాషలు వినడం వల్ల ఈ పిల్లల మాట మరింత వెనుకబడుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. పైగా తాతయ్య, నాయనమ్మలు ధారాళంగా మాట్లాడే తెలుగును మాన్పిస్తే బిడ్డకు దక్కే సంభాషణే తగ్గుతుంది. చిన్న వాక్యాలతో మాట్లాడడం, రోజు క్రమాన్ని బొమ్మలతో ముందే చూపడం, బిడ్డ సైగకు వెంటనే బదులివ్వడం వంటి అభ్యాసాలను తెలుగులోనే సాగించవచ్చు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించి, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ధ్రువీకరించబడిన 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యాహక్కు కల్పించగా, 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ తన నిరామయ పథకం ద్వారా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా అందిస్తుంది. కనుక అనుమానం కలిగిన వెంటనే పిల్లల వైద్యుని సంప్రదించి, నిర్ధారణ అయ్యాక ధ్రువపత్రం పొందడం కుటుంబానికి మేలు.