కారు క్రింది కానరాని పళ్లెం

స్పోర్ట్స్ కారును చూడవచ్చినవారు ముందుగా దాని రంగును మెచ్చుకొంటారు. తరువాత వంపు తిరిగిన ముఖభాగాన్ని, దీపాలను, చక్రాలను పరికిస్తారు. కుతూహలం మెండుగా గలవారు మూత యెత్తి యంత్రాన్ని సైతం చూస్తారు. కాని నేలపై వెల్లకిల పడుకొని దాని అడుగుభాగాన్ని చూచేవారు మెకానిక్కులు తప్ప వేరొకరు సాధారణంగా ఉండరు. ఆ అడుగున, భూమికి జానెడైనా లేని ఎత్తున, నల్లని ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. ఇంగ్లీషువారు దానిని అండర్ ట్రే అంటారు. మనం అడుగుపళ్లెం అనుకొందాము. సొగసులో గాని, ధరలో గాని కారు భాగాలన్నిటికంటె అది వెనుకబడినదే. అయినను దానిని ఊడదీసి మరల బిగించుటలో అశ్రద్ధ చూపినవారు చెల్లించవలసివచ్చే మూల్యం స్వల్పమైనది కాదు.

ఈ పళ్లెం పని తెలియవలెనంటే ముందుగా గాలి స్వభావం తెలియాలి. పాపికొండల నడుమ దారి ఇరుకైనచోట గోదావరి వడి హెచ్చుతుంది. గాలియు అంతే. కారుకు, నేలకు మధ్య గల ఇరుకు సందులో అది వేగంగా పరుగిడుతుంది. వేగం హెచ్చినచోట ఒత్తిడి తగ్గునని డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన గ్రంథంలో ప్రవాహాలను గూర్చి నిరూపించినాడు. కారు క్రింద ఒత్తిడి తగ్గితే పైనున్న గాలి దానిని నేలకు అదుముతుంది. మలుపులలో చక్రాలకు పట్టు చిక్కుతుంది. అయితే అడుగుభాగం గొట్టాలతో, బోల్టులతో ఎగుడుదిగుడుగా ఉన్నచో గాలి సుడులు తిరిగి, కారును వెనుకకు లాగుతుంది. ఆ ఎగుడుదిగుడులను కప్పి గాలికి నున్నని బాట వేయుటయే అడుగుపళ్లెం చేసే మొదటి ఉపకారం.

ఈ రహస్యం కోసం పందెపు కార్ల శిల్పులు పడిన తపన ఒక పెద్ద కథ. 1970లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ 2జె కారు వెనుక రెండు పంకాలు అమర్చి, వాటిని త్రిప్పుటకు వేరొక చిన్న ఇంజనును పెట్టి, క్రిందనున్న గాలిని తోడివేయించినాడు. ప్రత్యర్థులు గగ్గోలు పెట్టగా ఆ యేటితోనే అది నిషేధింపబడింది. 1978లో కోలిన్ చాప్‌మన్ సంస్థవారి లోటస్ 79 పంకాల అవసరం లేకుండ, అడుగుభాగపు ఆకృతితోనే ఆ ఫలితం సాధించినది. దానితో మేరియో ఆండ్రెట్టి ఆ యేడు ప్రపంచ విజేత అయినాడు. అదే యేడు జూన్‌లో గోర్డన్ మర్రీ నిర్మించిన బ్రాభమ్ పంకా కారు స్వీడన్ పందెంలో నికీ లౌడాకు గెలుపు నిచ్చి, ఆ ఒక్క పందెంతోనే రంగం నుండి తప్పుకొన్నది.

కాని ఈ శక్తికి మరొక ముఖం కలదు. కారు ప్రక్కలనుండి నేలను తాకుతూ గాలిని బంధించే అంచులు ఎక్కడైనా చిక్కుకొని పైకి లేచినచో, నేలకు అదిమే బలం ఒక్క క్షణంలో మాయమవుతుంది. మలుపు మధ్యలో అట్లు జరిగితే చోదకుని ప్రాణానికి హామీ లేదు. అందుచేతనే 1983 నుండి ఫార్ములా వన్ కార్ల అడుగుభాగం చదునుగా ఉండితీరవలెనని నిబంధన వచ్చినది. 1994లో ఇమోలాలో రోలాండ్ రాట్జెన్‌బర్గర్, అయిర్టన్ సెన్నా వరుసగా రెండు దినాలలో మరణించిన పిమ్మట, కారు నేలకు మరీ దగ్గర కాకుండ అడుగున 10 మిల్లీమీటర్ల మందపు చెక్కపలక బిగించుట విధి అయినది. ఆ పలక పరిమితికి మించి అరిగినదన్న కారణంగా అదే యేడు బెల్జియంలో మైకేల్ షూమాకర్ గెలిచిన పందెం కోల్పోయినాడు. 2023లో అమెరికాలోని ఆస్టిన్‌లో లూయీ హామిల్టన్, చార్లెస్ లెక్లెర్క్ ఇరువురును అట్టి కారణంతోనే ఫలితాలనుండి తొలగింపబడినారు. ఒక మిల్లీమీటరు అరుగుదల వీరుల తలరాతలను మార్చినదన్నమాట!

మనుష్యులు నిత్యం నడిపే కార్లలో పళ్లెం పని ఇంత నాటకీయం కాదు గాని, తక్కువదియు కాదు. 1989లో లోకానికి పరిచయమైన మాజ్దా ఎం.ఎక్స్-5 అనే చిన్న కారునే తీసికొందాము. దాని ముందుభాగపు పళ్లెం నీటిని, రాళ్లను అడ్డుకొనుటే కాక, ముందునుండి వచ్చే గాలిని రేడియేటరు వైపునకు మళ్లిస్తుంది. ఆ పలక లేనిచో గాలి సులభమైన దారి వెదకికొని క్రిందనుండి జారిపోతుంది, ఇంజను వేడెక్కుతుంది. యజమాని పంపును మార్చి, థర్మోస్టాటును మార్చి, ఎంతో వ్యయపడిన తరువాత, ఎన్నడో నూనె మార్చినప్పుడు మూల పారవేసిన ప్లాస్టిక్ పలక జ్ఞప్తికి వచ్చుట కద్దు.

ఇక దానిని తిరిగి బిగించే విధానం. జాకీ కారును ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. గట్టి నేలపై, చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టి, ఇనుప స్టాండ్లపై కారును నిలిపిన పిమ్మటనే దాని క్రిందికి పోవాలి. ఈ ఒక్క నియమాన్ని ఉల్లంఘించి ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. తరువాత పళ్లెంలో చేరిన ఎండుటాకులను, నూనె జిడ్డును శుభ్రపరచాలి. పొగగొట్టం చెంత నూనెలో తడిసిన గుడ్డను మరచిపోవుట నిప్పును ఆహ్వానించుటయే.

చలికాలంలో రోడ్లపై ఉప్పు చల్లే ఇంగ్లండు వంటి దేశాలలో ఈ మరమేకులు త్వరలో తుప్పుపట్టి, త్రిప్పబోతే విరిగిపోతాయి. కనుక తీసిన ప్రతిదానిని పరీక్షించి, చెడినవాటిని మార్చి, మరలకు కాస్త గ్రీజు పూయుట మంచిది. రంధ్రాలు చిరిగి పెద్దవైనచో వెడల్పాటి వాషర్లు వేయాలి. ప్లాస్టిక్ బిరడాలు ఒకసారి పట్టు కోల్పోయిన తరువాత మరల నమ్మదగినవి కావు.

తెలియనివారు తొందరపడేది ఇచ్చటనే. ఒక మూలను పూర్తిగా బిగించి రెండవ మూలకు పోరాదు. ముందు అన్ని మరమేకులను చేతితోనే రెండు చుట్లు ఎక్కించి, పలకను సర్ది, ఆ పిమ్మట వరుసగా బిగించాలి. ఎందుకనగా ప్లాస్టిక్ వేడికి ఉక్కుకంటె ఎన్నోరెట్లు వ్యాకోచిస్తుంది. మీటరు పొడవుగల పలక 40 డిగ్రీల వేడి హెచ్చినప్పుడు నాలుగు మిల్లీమీటర్ల వరకు సాగవచ్చును. ఉక్కు అర మిల్లీమీటరైనను సాగదు. రంధ్రాలను కోలగా చేసినది ఆ కదలిక కొరకే. బలమంతా చూపి బిగించినచో పలక కదలలేక వంగుతుంది, లేదా పగులుతుంది.

రెండు పలకలు కలిసే చోట పెంకుటింటి న్యాయం పాటించాలి. పెంకులను వాన లోనికి చొరకుండ ఒకదానిపై ఒకటి పరచినట్లే, వెనుక పలక ముందంచును ముందు పలకకు పైన దాచాలి. లేనిచో ఎదురుగాలి ఆ అంచు క్రింద వ్రేళ్లు దూర్చుతుంది. గాలి బలం వేగంతో సమంగా పెరగదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఎంత ఉంటుందో, 100లో దానికి నాలుగు రెట్లు, 150లో తొమ్మిది రెట్లు. పేటలో తిరిగినంతకాలం చప్పుడు చేయని పలక రాజమార్గంలో చిరిగి, నేలను రాచుకొంటూ, కడకు ఊడిపడుతుంది. అప్పుడు వెనుక మోటారు సైకిలుపై వచ్చేవాని గతి యేమిటి? వాడు ఆ కారును కొన్నవాడు కాడు, బాగుచేసినవాడును కాడు.

కొన్ని మరమ్మతు శాలలలో పని ముగిసిన తరువాత గిన్నెలో రెండు మరమేకులు మిగిలిపోవుట వింతకాదు. కారు క్రిందికి దిగిన తరువాత ఆ లోటు యజమానికి కనబడదు, అడిగేవారు లేరు. ఆ రెండింటికోసం కారును మరల పైకెత్తే పనివాడు తన అరగంటను ఎన్నడూ చూడని బాటసారి కొరకు వెచ్చిస్తున్నాడు. మంచి మెకానిక్కును గుర్తింపదలచినవారు ఇంజను చప్పుడు వినుటతోపాటు, ఒకసారి వంగి ఆ నల్లని పలక అంచులను కూడ చూచుట మేలు.