బుమ్రా మూడే ఎందుకు ఆడాడు? బౌలింగ్ రొటేషన్ అసలు ఎలా కడతారు?

 

2025 ఇంగ్లండ్ టూర్ గుర్తుంది కదా? ఐదు టెస్టులు. అందులో బుమ్రా ఆడింది మూడు. ఆ మూడింట్లో రెండు ఓడిపోయాం, ఒకటి డ్రా. బుమ్రా లేని రెండు టెస్టులూ గెలిచాం. సిరీస్ 2-2.

అప్పుడు చాయ్ హోటల్ దగ్గర కూడా ఇదే పంచాయితీ. ఒకరేమో "బుమ్రా లేకపోతేనే గెలుస్తున్నం కదా" అంటారు. ఇంకొకరేమో "దేశానికి ఆడమంటే రెస్ట్ ఏందన్నా?" అంటారు. నా లెక్క ప్రకారం రెండూ తప్పే. ఎందుకో తెలియాలంటే ముందు ఒక టీమ్ తన బౌలర్లను ఎట్లా వాడుకుంటుందో అర్థం కావాలి. ఇవాళ అదే మాట్లాడుకుందాం. ఎపిసోడ్ చివర్లో మన కాలనీ టీముల్లో ఫాస్ట్ బౌలింగ్ వేసే పిల్లలకు ఒక ముఖ్యమైన విషయం ఉంది, దాకా ఉండండి.

ముందు బేస్‌బాల్ దగ్గరికి

ఈ రొటేషన్ అనే ఆలోచనను అందరికంటే గట్టిగా పట్టుకున్నది బేస్‌బాల్ వాళ్లు. అమెరికా మేజర్ లీగ్‌లో ఒక్కో టీమ్ ఒక సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. సుమారు ఆరు నెలల్లో. అంటే దాదాపు రోజూ మ్యాచే. మన దగ్గర బౌలర్ ఎట్లనో అక్కడ పిచ్చర్ అట్ల. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌ను స్టార్టర్ అంటారు. అతను ఒక మ్యాచ్‌లో అటూ ఇటుగా 90 నుంచి 100 బంతులు విసురుతాడు. తర్వాత నాలుగు రోజులు మ్యాచ్‌లో బంతి పట్టుకోడు. ఐదో రోజు మళ్లీ అతని వంతు.

అట్లా వంతులవారీగా ఐదుగురు. దీన్నే స్టార్టింగ్ రొటేషన్ అంటారు. స్టార్టర్ అలసిపోతే మిగతా మ్యాచ్ నడిపించడానికి బుల్‌పెన్ అని ఇంకో గ్రూపు రెడీగా ఉంటుంది. జపాన్ లీగ్‌లో ఇంకా జాగ్రత్త, అక్కడ స్టార్టర్ మామూలుగా వారానికి ఒక్కసారే.

ఎందుకింత భయం? మోచేయి. ప్రతి బంతికీ మోచేతి లోపలి లిగమెంట్ మీద విపరీతమైన లాగుడు పడుతుంది. అది తెగితే ఆపరేషనే. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఆ ఆపరేషన్ చేశాడు. ఇప్పటికీ దాని పేరు టామీ జాన్ సర్జరీయే. చేయించుకుంటే మళ్లీ మ్యాచ్‌లో బంతి విసరడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. 162ని 5తో భాగిస్తే 32 చిల్లర. అంటే నీ టీమ్‌లో నంబర్ వన్ పిచ్చర్ ప్రపంచంలోనే బెస్ట్ అయినా, అతను మొదలుపెట్టేది ముప్పై రెండు, ముప్పై మూడు మ్యాచ్‌లే. నంబర్ ఫైవ్ పిచ్చర్ కూడా దాదాపు అన్నే మొదలుపెడతాడు! ఐదోవాడు వీక్ అయితే ముప్పై మ్యాచ్‌లు నువ్వు ముందే సగం ఓడిపోయినట్టు. అందుకే మంచి రొటేషన్ అంటే మంచి ఏస్ ఉండటం ఒక్కటే కాదు. ఏస్ రెస్ట్‌లో ఉన్న రోజు ఎవరున్నారు అన్నదే అసలు పరీక్ష.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు మళ్లీ ఇంగ్లండ్ పోదాం.

క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చోవాలి

టూర్ మొదలవ్వకముందే బుమ్రా మూడు టెస్టులే ఆడతాడని టీమ్ చెప్పేసింది. ఎందుకంటే అంతకుముందు ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులూ ఆడించారు. 151.2 ఓవర్లు, 32 వికెట్లు. సిరీస్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు. కానీ 2025 జనవరిలో సిడ్నీ టెస్ట్ మధ్యలో వెన్ను పట్టేసింది. రెండో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి కూడా వేయలేకపోయాడు. తర్వాత ఛాంపియన్స్ ట్రోఫీ మొత్తం మిస్. 2023లో ఒకసారి వెన్ను ఆపరేషన్ అయిన మనిషి అతను. ఇంకోసారి అయితే కెరీర్ సంగతేంటి?

ఇప్పుడు డేట్లు చూడండి. మొదటి టెస్ట్ జూన్ 24న అయిపోయింది, రెండోది జూలై 2న. మధ్యలో వారం గ్యాప్. రెండోది జూలై 6న అయిపోతే మూడోది 10నే. మధ్యలో మూడే రోజులు. మూడుకీ నాలుగుకీ మధ్య మళ్లీ వారం పైన. నాలుగుకీ ఐదుకీ మధ్య మళ్లీ మూడే రోజులు. అంటే రెండూ మూడూ ఒక జత, నాలుగూ ఐదూ ఒక జత. వెన్ను సమస్య ఉన్న బౌలర్‌ను జతలో రెండూ ఆడిస్తే రిస్క్. అందుకే బుమ్రా మొదటిది, మూడోది, నాలుగోది ఆడాడు. రెండోది, ఐదోది కూర్చున్నాడు.

ఇది మనకు కొత్త విషయమా చెప్పండి? మన గోదావరిఖనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చిన నాన్నను అదే పొద్దున మళ్లీ ఫస్ట్ షిఫ్ట్‌కు పంపరు. అట్లా పంపితే ఆయన ఒక్కడికే కాదు, కింద పనిచేసే అందరికీ ప్రమాదమే. బాయి ఇరవై నాలుగు గంటలూ నడవాలంటే మనిషి మారాలి. మనిషి మారినా పని తగ్గకూడదు. రొటేషన్ అంటే అంతే.

అందరూ ఒకేలా వేస్తే రొటేషన్ కాదు

ఎడ్జ్‌బాస్టన్‌లో రెండో టెస్ట్. బుమ్రా లేడు. కానీ మొదటి ఇన్నింగ్స్‌లో మన హైదరాబాద్ సిరాజ్ 6 వికెట్లు, మ్యాచ్ మొత్తంలో ఆకాశ్ దీప్ 10 వికెట్లు. 336 పరుగుల తేడాతో గెలిచాం. గిల్ 269, 161 కొట్టాడు, అది కూడా మర్చిపోవద్దు. బౌలర్లకు వెనక బోలెడన్ని పరుగులున్నాయి.

ఆకాశ్ దీప్ బుమ్రాకు డూప్ కాదు. బంతిని పైకి వేసి, పిచ్ మీద పడ్డాక సీమ్‌తో లోపలికీ బయటికీ కదిలిస్తాడు. సిరాజ్ సీమ్‌ను కొంచెం ఊగించి వేస్తాడు, బంతి ఎటు పోతుందో బ్యాటర్‌కు ముందే తెలియదు. ప్రసిద్ధ్ కృష్ణ పొడుగు, ఎత్తు నుంచి బంతిని గట్టిగా పిచ్‌కు కొడతాడు. మన వైజాగ్ నితీశ్ కుమార్ రెడ్డి బ్యాటింగ్ చేస్తూనే కొన్ని ఓవర్లు లాగేస్తాడు. లార్డ్స్‌లో అయితే తన మొదటి ఓవర్‌లోనే ఇంగ్లండ్ ఓపెనర్లు ఇద్దరినీ పంపించాడు.

తలా ఒక పని. బేస్‌బాల్‌లో కూడా ఇంతే. ఎడమచేతి వాడు ఒకడు, స్పీడ్ ఉన్నవాడు ఒకడు, స్పీడ్ లేకున్నా బంతి చెప్పినచోట పడేసేవాడు ఒకడు. 1990లలో అట్లాంటా బ్రేవ్స్ టీమ్‌లో మాడక్స్, గ్లావిన్, స్మోల్ట్జ్ అని ముగ్గురుండేవాళ్లు. ఒకరిలా ఒకరు వేయరు. ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లారు, 1995లో వరల్డ్ సిరీస్ కొట్టారు. రేపు వచ్చేవాడు ఇవాళ్టి వాడిలా వేయడు కాబట్టి, బ్యాటర్ ఇవాళ నేర్చుకున్నది రేపు పనికిరాదు.

బదిలీ వర్కర్ లేకపోతే షిఫ్ట్ ఆగిపోతది

సింగరేణిలో బదిలీ వర్కర్ అనే మాట వినని ఇల్లు ఉండదు. పర్మినెంట్ మనిషి రాకపోతే ఆ ప్లేస్‌లో దిగేవాడు. టీమ్‌లో బెంచ్ అంటే అదే.

మాంచెస్టర్‌లో నాలుగో టెస్ట్ చూడండి. బుమ్రా ఆడాడు, కానీ బెంచ్ ఖాళీ అయిపోయింది. ఆకాశ్ దీప్‌కు గాయం. అర్ష్‌దీప్ చేతికి గాయం. నితీశ్‌కు మోకాలి గాయం. కొత్త కుర్రాడు అన్షుల్ కంబోజ్‌ను నేరుగా డెబ్యూ చేయించారు. ఇంగ్లండ్ 669 కొట్టింది. బుమ్రా 33 ఓవర్లు వేసి 112 పరుగులిచ్చాడు. టెస్ట్ ఇన్నింగ్స్‌లో వంద పైన ఇవ్వడం అతనికి అదే మొదటిసారి. ఆ మ్యాచ్ బ్యాటర్లు నిలబడి డ్రా చేశారు. చుట్టూ సాయం లేకపోతే ఏస్ కూడా మామూలు బౌలరే.

దీనికి పూర్తిగా రివర్స్ కేసు 2021 జనవరి గాబా టెస్ట్. బుమ్రా లేడు, షమీ లేడు, ఉమేశ్ లేడు, ఇషాంత్ లేడు, అశ్విన్, జడేజా కూడా లేరు. అందరికీ ఏదో ఒక గాయం. అప్పుడు పేస్ అటాక్‌కు సీనియర్ ఎవరో తెలుసా? రెండంటే రెండే టెస్టులు ఆడిన సిరాజ్! పక్కన నటరాజన్‌కు అదే మొదటి టెస్ట్. సిరాజ్ ఆ టూర్‌లో ఉండగానే నాన్న చనిపోయారు. హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకును ఆడించిన మనిషి. అయినా సిరాజ్ అక్కడే ఉండిపోయాడు. గాబాలో రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. మ్యాచ్ గెలిచాం, సిరీస్ గెలిచాం. ఆ బెంచ్ ఒక్క రాత్రిలో పుట్టలేదు. రంజీల్లో, ఇండియా-ఎ టూర్లలో ఏళ్ల తరబడి ఓవర్లు వేసి వేసి రెడీ అయిన వాళ్లు వాళ్లు.

మరి సిరాజ్ ఐదూ ఎట్లా ఆడాడు?

మంచి ప్రశ్న. ఇంగ్లండ్‌లో సిరాజ్ ఐదు టెస్టులూ ఆడాడు. 185.3 ఓవర్లు. బంతుల్లో చెప్పాలంటే 1113. వికెట్లు 23, రెండు టీముల్లోనూ అవే ఎక్కువ. ఓవల్‌లో ఆఖరి రోజు ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో 4 వికెట్లు. ముందురోజు బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కింది కూడా ఇదే సిరాజ్. బ్రూక్ 111 కొట్టాడు. మామూలు మనిషైతే రాత్రంతా నిద్ర పట్టదు. పొద్దున వచ్చి ఆ నాలుగింట్లో మూడు తీశాడు. 6 పరుగులతో గెలిచాం.

అంటే రెస్ట్ అక్కర్లేదనా? కాదు. ఒక్కో ఒళ్లు ఒక్కో రకం. రొటేషన్ అంటే అందరికీ సమానంగా పంచడం కాదు, ఎవరు ఎంత మోయగలరో చూసి పంచడం. బుమ్రాకు పరుగు తక్కువ, యాక్షన్ ప్రత్యేకం, వెన్నులో పాత ఆపరేషన్. సిరాజ్‌కు ఆ చరిత్ర లేదు. పైగా ఆ ఏడాది ఛాంపియన్స్ ట్రోఫీ టీమ్‌లో అతను లేడు.

ఆఖరి మ్యాచ్‌లో ఎవరైనా లెక్క పక్కన పెడతారు, అదీ నిజమే. 2025 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ పిచ్చర్ యమమోతో ఆరో గేమ్‌లో 96 బంతులు విసిరి, తెల్లారి ఏడో గేమ్‌లో మళ్లీ వచ్చి 34 విసిరాడు. కప్ కొట్టారు. కానీ ఆ తర్వాత నెలల రెస్ట్ ఉంది. అప్పటిదాకా దాచిన చెయ్యి కాబట్టే ఆ రోజు పనిచేసింది.

ఇప్పుడు మన గ్రౌండ్ సంగతి

ఇదీ చివర్లో చెప్తా అన్నది. మన దగ్గర టోర్నమెంట్ సీజన్ ఎట్లుంటది? జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కావచ్చు, యైటింక్లైన్ కాలనీ గ్రౌండ్‌లో కావచ్చు. ఆదివారం రెండు మ్యాచ్‌లు, ఒక్కోసారి మూడు. టీమ్‌లో స్పీడ్ వేసే పిల్లగాడు ఒక్కడే. వయసు పదహారు. కెప్టెన్ ప్రతి మ్యాచ్‌లో వాడికే బాల్ ఇస్తాడు. సోమవారం నుంచి మళ్లీ నెట్స్. మన రామగుండం ఎండలో.

పద్దెనిమిదేళ్ల లోపు వెన్నెముక ఎముక ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. అదే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడితే సన్నటి చీలిక వస్తుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఒక్క దెబ్బకు రాదు, నెలలు నెలలుగా వస్తుంది. నడుములో ఒకవైపే నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువైతే, స్ప్రే కొట్టి దిగొద్దు తమ్ముడూ. డాక్టర్‌కు చూపించు.

అమెరికాలో పిల్లల కోసం పిచ్ స్మార్ట్ అనే రూల్స్ ఉన్నాయి. 13, 14 ఏళ్ల పిల్లాడు రోజుకు 95 బంతులు దాటకూడదు. 65 దాటితే నాలుగు రోజులు రెస్ట్. ఇంగ్లండ్ బోర్డు కూడా వయసును బట్టి ఒక స్పెల్‌కు ఇన్ని, రోజుకు ఇన్ని ఓవర్లని లిమిట్ పెట్టింది. మన కాలనీ టోర్నమెంట్‌లో అంపైర్ వచ్చి ఆపడు. కాబట్టి కెప్టెన్లే ఆపాలి.

చేయాల్సింది పెద్దదేం కాదు. ఫోన్‌లో నోట్స్ తెరిచి ప్రతి బౌలర్ వారంలో ఎన్ని బంతులు వేశాడో రాయండి. నెట్స్‌లో వేసినవి కూడా కలపండి, ఒంటికి మ్యాచ్ వేరు, నెట్స్ వేరు అని తెలియదు. వరసగా రెండు రోజులు ఒకడితోనే స్పీడ్ వేయించకండి. ఈజీ మ్యాచ్ వచ్చినప్పుడు నాలుగో బౌలర్‌కు, ఐదో బౌలర్‌కు బాల్ ఇవ్వండి. వాడు పరుగులిస్తాడు, తిట్టకండి. ఫైనల్ రోజు మీ స్పీడ్ బౌలర్ కాలు పట్టేస్తే మ్యాచ్ కాపాడేది వాడే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బుమ్రా లేకపోతేనే గెలుస్తామా? కాదు. బుమ్రా లేని రోజు కూడా గెలిచేలా టీమ్ కట్టారు కాబట్టి గెలిచాం. మాంచెస్టర్‌లో అది తెగిపోయింది కాబట్టి 669 ఇచ్చాం.

మీ టీమ్‌లో స్పీడ్ బౌలర్‌కు ఈ వీడియో పంపండి. వాడికంటే ముందు మీ కెప్టెన్‌కు పంపండి. నచ్చితే లైక్ కొట్టండి, సబ్‌స్క్రైబ్ చేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.