పదార్థముల లోనిగుట్టు

పుణె నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నము వరకు సాగు 65వ జాతీయ రహదారి కర్ణాటకమును వీడి తెలంగాణమున ప్రవేశించు చోట, జహీరాబాదు చేరువను, చిరాగ్‌పల్లి యున్నది. ఈ ప్రాంతపు ఎర్రరాతిని చూచిన బాటసారికి అది సామాన్యమైన రాయిగనే తోచును. కాని ఒక వస్తువు గట్టిదగునో మెత్తనిదగునో, వంగునో విరుగునో నిర్ణయించునది దానియందలి మూలకము లొక్కటియే కాదనియు, అవి లోపల అమరిన తీరును, ఆ యమరికను కలిగించిన క్రియయు అంతటి ముఖ్యములే యనియు బోధించు పదార్థవిజ్ఞానమునకు తొలిపాఠము ఆ రాతియందే లభించును.

సుమారు 6.6 కోట్ల సంవత్సరములనాడు దక్కను పీఠభూమిపై పొంగి ప్రవహించిన లావా గడ్డకట్టి నల్లరాయి యైనది. తదనంతరము యుగయుగముల వానలు దానియందలి సిలికాను కరగించి కొనిపోగా, ఇనుము, అల్యూమినియముల ఆక్సైడులు మిగిలి లాటరైటు అను ఎర్రరాయి యేర్పడినది. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ తన గ్రంథమున మలబారు ప్రాంతపు ఇట్టి రాతిని వర్ణించి దానికి ఆ పేరిడెను. నేలలో తడిగా నున్నపుడు పనిముట్లతో సులభముగ కోయదగిన ఈ రాయి, గాలికి ఎండకు ఆరిన పిమ్మట గోడలకు ఒదుగునంతగా గట్టిపడును. నీరు వెడలిపోగా ఇనుప ఆక్సైడులు ఒండొంటిని పట్టుకొనుటయే ఇందుకు ముఖ్యకారణము.

లోహములయందు ఈ సత్యము మరింత స్పష్టమగును. లోహమున పరమాణువులు సంతలో పేర్చిన నిమ్మపండ్లవలె క్రమమైన వరుసలుగ నుండును. తీగను వంచినపుడు ఆ వరుసలు ఒకదానిపై నొకటి జారును. ఆ జారుడునకు అడ్డు కల్పించినచో లోహము గట్టిపడును; అడ్డు మితిమీరినచో వంగలేక విరుగును. ఇనుమును 912 డిగ్రీల సెల్సియసుకు పైగా కాచినపుడు దాని స్ఫటికపు అమరిక మారి, కర్బనము అందు విరివిగ ఇముడును. మెల్లగా చల్లార్చినచో ఆ కర్బనము వెలికివచ్చి ఇనుముతో కలిసి వేరొక సమ్మేళనముగ ఏర్పడును. చప్పున నీట ముంచినచో వెలికి వచ్చు వ్యవధి లేక లోననే చిక్కుకొని, వరుసల జారుడును నిరోధించును. మన కమ్మరులు కొడవలికి పాయనము పెట్టుటలోని మర్మ మిదియే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున ఇనుమును మట్టిమూసలలో కర్బనముతో కూడ కరగించి, మెల్లగా చల్లార్చి శ్రేష్ఠమైన ఉక్కును చేసెడివారు. దానిని కొనుటకు పారశీక వర్తకులు అంతదూరము వచ్చుచుండిరని, భూవిజ్ఞానియు వైద్యుడును నగు హెన్రీ వోయ్సీ వ్రాసిన వివరణ ఆయన మరణానంతరము 1832లో ప్రకటితమైనది. భారతదేశపు మూస ఉక్కు రహస్యమును కనుగొన 1820 ప్రాంతమున మైకేల్ ఫారడే అంతటివాడు ప్రయోగములు చేసెను. ఆ ఉక్కున నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు కర్బనముండుటయు, అది లోపల పరచుకొన్న తీరును ఆ ఖ్యాతికి మూలములని తరువాతివారు నిరూపించిరి.

నేడు జహీరాబాదున మహీంద్రా కర్మాగారమున ట్రాక్టర్లు తయారగుచున్నవి. ట్రాక్టరు గేరుపన్ను పైన అరగక, లోన పగులక నిలువవలెను. ఈ పరస్పరవిరుద్ధములైన గుణములను ఒకేచోట కూర్చుటకు, తక్కువ కర్బనముగల ఉక్కు గేరును కర్బనవాయువులలో కాచి, ఉపరితలమున మాత్రము కర్బనము చొప్పించి, పిదప వడిగా చల్లార్చుట రివాజు.

ఇదే రహదారిపై సంగారెడ్డి చేరువ కంది యందున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఈ శాస్త్రమునకు ప్రత్యేక విభాగమున్నది. అయినను ఆ ద్వారము చేరువరకు ఈ విజ్ఞానము మన పిల్లలకు అందకుండుట తగదు. ఉపాధ్యాయుడు రెండు కుట్టుసూదులను పట్టకారుతో ఎర్రగ కాచి, ఒకదానిని నీట ముంచి, మరొకదానిని మెల్లగా చల్లారనిచ్చి, చల్లబడిన పిమ్మట రెండింటిని జాగ్రత్తగ పట్టకారుతోనే వంచి చూపవచ్చును: మొదటిది పుటుక్కున విరుగును, రెండవది వంగును. లోహ మొక్కటే, కర్బన మంతే, కాచిన వేడియు నదే; భేదము చల్లార్చుటలో నున్నదని బాలుడు కన్నులార కాంచిననాడు, అంతర్నిర్మాణ మనుమాట వానికి కంఠస్థము చేయవలసిన పదము గాక స్వయముగ నెరిగిన సత్యమగును.