లినక్స్ కంటైనర్లు – తెలుగు పాఠపరిశోధన: ఒక వివరణ

1. ఉపోద్ఘాతం

పరిశోధన ఫలితాన్ని మరొకరు సరిచూడగలిగినప్పుడే దానికి ప్రామాణికత సిద్ధిస్తుంది. అచ్చుపుటలను కంప్యూటర్‌తో చదివించే పరిశోధనలో పుట ఒకటే అయినా, సాఫ్ట్‌వేర్ మారితే పాఠం మారవచ్చు. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి కాకతీయుల కాలపు శాసనాలకు ప్రసిద్ధం. ఆ శాసనాలపై వెలువడిన రచనల పుటలను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోని ముగ్గురు పరిశోధకులు టెసరాక్ట్ అనే అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తున్నారనుకుందాం. 2021లో విడుదలైన డెబియన్ 11లో టెసరాక్ట్ 4.1.1, 2023 నాటి డెబియన్ 12లో 5.3.0 లభిస్తాయి. ఫెడోరాలో తెలుగు ప్యాకేజీ పేరే వేరు. ఒత్తుల గుర్తింపులో తేడా కనిపిస్తే, దానికి కారణం స్కాన్ చేసిన పుటా, సాఫ్ట్‌వేరా అని నిర్ణయించడం కష్టమవుతుంది.

2. కంటైనర్ పనితీరు

డెబియన్, ఉబుంటు, ఫెడోరా డిస్ట్రిబ్యూషన్లన్నింటికీ మూలం లినక్స్ కెర్నల్. లైబ్రరీలు, ప్యాకేజీ పద్ధతులు మాత్రం భిన్నం. కెర్నల్ మినహా ఒక డిస్ట్రిబ్యూషన్‌కు చెందిన ఫైళ్ల సముదాయాన్ని ‘ఇమేజ్’ అంటారు. ఆ ఇమేజ్‌ను కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న కెర్నల్ మీద నడిపే విధానమే కంటైనర్. లోపలి ప్రోగ్రాముకు ఏవి కనిపించాలో నేమ్‌స్పేస్‌లు, ఎంత మెమరీ, ప్రాసెసర్ సమయం దక్కాలో సీగ్రూపులు నియంత్రిస్తాయి. రెండో కెర్నల్ ఉండదు కనుక వర్చువల్ మెషీన్ కన్నా భారం తక్కువ. 2013లో వచ్చిన డాకర్ ఈ విధానాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. పాడ్‌మన్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేని సాధారణ వినియోగదారుకు సైతం కంటైనర్లను నడిపే వీలు కల్పిస్తుంది. డిస్ట్రోబాక్స్ వాటిని వినియోగదారు ఫోల్డరుతోనూ తెరతోనూ అనుసంధానిస్తుంది.

3. అన్వయం

సూర్యాపేటలో డెబియన్ 12 ఇమేజ్‌లో టెసరాక్ట్‌ను, తెలుగు దత్తాంశాన్ని చేర్చి, ‘పాడ్‌మన్ సేవ్’ ఆదేశంతో ఒకే ఫైలుగా భద్రపరచవచ్చు. దానిని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి కోదాడలో ఫెడోరా మీద, మిర్యాలగూడలో ఉబుంటు మీద ఇంటర్నెట్ లేకుండానే తెరవవచ్చు. స్థాపన సూచనలు మాత్రమే పంపితే, ఆలోగా ప్యాకేజీలు మారిపోవచ్చు. ‘లేటెస్ట్’ అనే గుర్తు సైతం కాలాన్నిబట్టి వేర్వేరు ఇమేజ్‌లను సూచిస్తుంది. కాబట్టి సిద్ధాంత గ్రంథంలో ఇమేజ్ గుర్తింపు సంఖ్యను నమోదు చేయడం అవసరం.

4. పరిమితులు

ఇమేజ్, కంప్యూటర్ ప్రాసెసర్ రకానికి సరిపోవాలి. డిస్ట్రోబాక్స్ రక్షణ కవచం కాదు; లోపల తొలగించిన సొంత ఫైలు బయట కూడా పోతుంది. భద్రపరచిన పాత ఇమేజ్‌కు భద్రతా సవరణలు అందవు కనుక దానిని ఫలితాలను సరిచూడడానికే పరిమితం చేయడం మేలు.

5. ముగింపు

ఉదాహరించిన గ్రంథానికి ముద్రణ సంవత్సరం పేర్కొనడం పరిశోధనలో ఆనవాయితీ. పాఠాన్ని చదివిన సాఫ్ట్‌వేర్‌కూ అదే నియమం వర్తించాలి. కంటైనర్ అక్షర దోషాలను సవరించదు. ముగ్గురూ ఒకే స్కాన్‌ను ఒకే సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించే అవకాశమిస్తుంది. దోషకారణ చర్చకు అది తొలి ఆధారం.